వైర్‌గార్డ్: ఆన్‌లో ఉన్నట్టే ఉంటుంది

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రౌటర్ పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, అందులో వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే బయట ఉన్న ఫోన్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి (టన్నెల్). సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్‌ని బయటినుంచి చూడ్డానికి చాలాకాలంగా ఇదే వాడకం. కెమెరాలు బిగించేవాళ్లు డీవీఆర్‌కే పోర్ట్ ఫార్వర్డ్ పెట్టి (బయటివాళ్లు నేరుగా చేరేలా రౌటర్‌లో తలుపు తెరిచి), పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వెళ్లిపోతుంటారు. ఇంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌ని నడిబజార్లో పెట్టడమే అది. వైర్‌గార్డ్‌కి తెరిచేది ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820. సరైన కీ లేకుండా ఎవరు తట్టినా అది పలకదు.

ఆ మౌనం మీదే నాకు ముచ్చటా, కోపమూ. ఎందుకంటే కీ సరైనదై, దారి మూసుకుపోయినా అది పలకదు. ఫోన్ పైన తాళంచెవి గుర్తు మాత్రం దర్జాగా వెలుగుతుంటుంది. ఫోన్‌లో టన్నెల్ లేచిందనే దాని అర్థం. అవతల ఇల్లు అందిందని కాదు. నమ్మాల్సింది యాప్‌లో టన్నెల్ పేరు నొక్కితే కనిపించే ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’, అంటే రెండు వైపులా చివరిసారి పలకరించుకున్న సమయం. డేటా నడుస్తుంటే రెండు నిమిషాలకోసారి కొత్తదవుతుంది. పంపిన బైట్లు పెరుగుతూ, వచ్చినవి సున్నాలో ఉంటే అవతలినుంచి జవాబు లేనట్టే.

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాక జరిగింది అదే. కీలు సరే, పోర్ట్ ఫార్వర్డ్ సరే, హ్యాండ్‌షేక్ లేదు. ఇలాంటప్పుడు రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు) చూడాలి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉందంటే సీజీనాట్. 2012లో ఇందుకే కేటాయించిన అడ్రసులవి. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవీ ఇస్తాయి. పబ్లిక్ ఐపీ ఒక్కటే, దాని వెనక బోలెడు ఇళ్లు. బయటినుంచి వచ్చే ప్యాకెట్ మన రౌటర్ దాకా రానే రాదు. అలాంటప్పుడు మన వైపు ఎన్ని పోర్టులు తెరిచినా దండగ.

దారులు మూడు: డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రసు) తీసుకోవడం, రెండు వైపులా ఐపీవీ6 (కొత్త తరం అడ్రసులు) ఉంటే దానిమీద నడపడం, లేదా చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దె సర్వరు) తీసుకుని ఇంట్లోని రాస్ప్‌బెర్రీ పై నుంచే దానికి కలపడం. ఇక్కడ పనిచేసింది మూడోది. రాస్ప్‌బెర్రీ పై వైపు కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచే చిన్న పలకరింపు) 25 సెకన్లు పెట్టాలి, లేకపోతే మధ్యలోని నాట్ (అడ్రసులు మార్చి పంపే యంత్రం) దారిని మరిచిపోతుంది. వీపీఎస్‌లో రాస్ప్‌బెర్రీ పై తాలూకు అలౌడ్ ఐపీస్‌లో (దాని దగ్గరికి పంపాల్సిన అడ్రసుల జాబితాలో) ఇంటి సబ్‌నెట్, అంటే ఇంటి అడ్రసుల వరుస, చేర్చాలి. ఒకే సబ్‌నెట్ ఇద్దరు పీర్లకు (టన్నెల్‌లో కలిసే యంత్రాలకు) రాస్తే చివర రాసినవాడికే పోతుంది, ఎర్రర్ కూడా రాదు. హ్యాండ్‌షేక్ వచ్చి కెమెరా రాలేదంటే చాలాసార్లు రెండు యంత్రాల్లో ఒకదాంట్లో ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన ప్యాకెట్లను ముందుకు పంపే సెట్టింగ్) ఆన్ చేయలేదని, లేదా డీవీఆర్ జవాబుకి తిరుగుదారి లేదని.

ఇంటి సబ్‌నెట్ 192.168.1 గానే వదిలేయకండి. మాదాపూర్ ఆఫీసు గెస్ట్ వైఫైదీ అదే అయితే ఫోన్ మీ డీవీఆర్‌ని ఆఫీసులోనే వెతుక్కుంటుంది. 192.168.73 లాంటిదేదో పెట్టుకుంటే గొడవుండదు.

మియాపూర్‌లో వైఫై వదిలి మెట్రో ఎక్కి మొబైల్ డేటాలోకి మారినా టన్నెల్ తెగదని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ నిజమే, కానీ అది ఫోన్ అడ్రసు మారినప్పటి మాట. సర్వర్‌కి డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (మారే ఐపీని వెతికి చూపే పేరు) ఇచ్చి, దాని ఐపీ మారితే లినక్స్ క్లయింట్ పాత అడ్రసునే పట్టుకుని కూర్చుంటుంది. పేరుని చూసేది టన్నెల్ లేచేటప్పుడు ఒక్కసారే. పేరుని మళ్లీ మళ్లీ చూసే చిన్న స్క్రిప్ట్ క్రాన్‌లో (లినక్స్‌లో వేళకు పనులు నడిపే ఏర్పాటులో) పెట్టుకోవాల్సిందే. పింగ్ వస్తూ వీడియో మాత్రం ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1420 నుంచి 1280కి తగ్గించి చూడండి.

స్టేషన్ వైఫైలో ట్రాఫిక్ అంతా టన్నెల్లోకి పంపే సెట్టింగ్ ఉంటే ఓటీపీ పేజీ తెరుచుకోదు. ముందు ఆపి, లాగిన్ అయి, మళ్లీ ఆన్ చేయాలి. అసలు వెబ్‌సైట్లు చాలావరకు హెచ్‌టీటీపీఎస్ కాబట్టి పబ్లిక్ వైఫై భయంతోనే అయితే ఇంత అవస్థ అక్కర్లేదేమో.

లినక్స్‌తో రోజూ పనుండేవాణ్ణి కాబట్టి నాకు సరిపోయింది. ఆ ఓపిక లేని ఇంటికి టెయిల్‌స్కేల్ నయం. అదీ లోపల వైర్‌గార్డే, సీజీనాట్‌ని చాలావరకు తనే దాటేస్తుంది. కాకపోతే ఎవరి పబ్లిక్ కీ ఎవరికి అందాలో నడిపేది టెయిల్‌స్కేల్ వాళ్ల సర్వరు.