శివారులో ఇల్లు, స్టేషన్‌లో పార్కింగ్: అడ్వాన్స్ ఇవ్వబోయేవారికి ఒక హెచ్చరిక

శివార్లలో ఇల్లు కొనుక్కుని, కారును దగ్గరి రైల్వే స్టేషన్‌లో నిలిపి, అక్కడి నుంచి సబర్బన్ రైలులో ఉద్యోగానికి వెళ్లిరావచ్చన్న లెక్కతో అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధమవుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అదే లెక్కతో మేమూ ఇల్లు కొన్నాము. ఇంటి గోడల్లో గాని, రిజిస్ట్రేషన్ పత్రాల్లో గాని ఏ లోపమూ లేదు. లోపమంతా అమ్మకందారు ఆ ఇంటితోపాటు అంటగట్టిన స్టేషన్ సౌకర్యంలో ఉంది. స్టేషన్‌లోని పార్కింగ్ స్థలం అమ్మకందారు ఆస్తి కాదు, దానిపై ఆయనకు ఏ హక్కూ లేదు, వచ్చే ఏడాది అది అక్కడ ఉంటుందో లేదో కూడా ఆయన చెప్పలేరు. అయినా దాని విలువను ఇంటి ధరలో కలిపి మన చేత కట్టిస్తారు.

మాకు ఇచ్చిన బ్రోచర్‌లో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక అని, స్టేషన్ ఆవరణలో వందలాది కార్లకు పార్కింగ్ అని, నివాసులకు ఉచిత షటిల్ బస్సు అని మూడు మాటలు ఉన్నాయి. ఈ మూడింటిలో పచ్చి అబద్ధమని చెప్పదగినది ఒక్కటీ లేదు. అందుకే ఫిర్యాదు చేయడం కూడా కష్టమవుతోంది.

ముందుగా నడక సంగతి. ఆ ఐదు నిమిషాలూ మ్యాపులో మన ప్రహరీ మూల నుంచి స్టేషన్ సరిహద్దు దాకా తిన్నగా గీత గీసి తేల్చినవి. ఆ గీత మీద మనుషులు నడవలేరు. మధ్యలో పట్టాలున్నాయి, మనవైపు ప్లాట్‌ఫాంకు దారి లేదు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ప్లాట్‌ఫాం అవతలి కొసన ఉంది. అక్కడిదాకా నడిచి, మెట్లెక్కి దిగి, టికెట్ గేటు దాటి, రైలు ఆగే చోటికి వెనక్కి వచ్చేసరికి చెప్పిన సమయానికి రెండింతలకు పైనే అవుతుంది. ఉన్నది ఒక్క లిఫ్టు. అది మరమ్మతులో ఉన్న రోజున చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఆ స్టేషన్ ఉన్నా లేనట్టే.

జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకు ఈ విషయంలో స్పష్టమైన నియమం ఉంది. నిమిషం నడకను 80 మీటర్లుగా లెక్కించాలి. అది దారి వెంబడి కొలిచిన దూరం కావాలి. చివరన కొన్ని మీటర్లు మిగిలినా వాటిని పూర్తి నిమిషంగానే చూపాలి. 2022లో సవరించిన నియమాల ప్రకారం అపార్ట్‌మెంట్ అయితే భవన ప్రవేశద్వారం నుంచి కొలవాలి. అంత పకడ్బందీ లెక్కలో కూడా సిగ్నళ్ల దగ్గర ఆగే సమయం, మెట్లెక్కే సమయం కలవవు. అలాంటి నియమమేదీ లేని చోట అమ్మకందారు చెప్పే నిమిషాలకు విలువ ఎంతో మీరే అంచనా వేసుకోవచ్చు. ఫోన్‌లోని మ్యాపులో నడక దారిని ఎంచుకుని, వచ్చిన మీటర్లను 80తో భాగించి, దానికి వంతెన ఎక్కి దిగే సమయాన్ని మీరే కలుపుకోండి.

నడక కుదరనప్పుడు కారు ఉందిగా అనుకుంటాము కనుక, మమ్మల్ని ఎక్కువ దెబ్బతీసింది పార్కింగే. మాకు అమ్మిన నెలవారీ పాస్ వెనుక చిన్న అక్షరాలలో, ఖాళీని బట్టి మాత్రమే ప్రవేశం అని, పాస్ ఉన్నంత మాత్రాన స్థలం కేటాయించినట్టు కాదని, స్థలం దొరకని రోజుకు డబ్బు వాపసు ఇవ్వబడదని ముద్రించి ఉంది. ఆ పాస్‌ను కౌంటర్‌లో డబ్బు కట్టిన తరువాత చేతిలో పెడతారు. ఈ షరతులు కౌంటర్ దగ్గరి బోర్డు మీద లేవు, ముందుగా చెప్పేవారూ లేరు. ఉద్యోగస్తులు ఎక్కే ప్రధానమైన రైళ్లు రాకముందే గేటు దగ్గర ‘ఖాళీ లేదు’ అన్న బోర్డు వేలాడుతుంది. పాస్ చూపించినా గేటు దగ్గరి మనిషి చేయి ఊపి ముందుకు పొమ్మంటాడు. అతనిని తప్పుపట్టలేము, లోపల చోటు నిజంగానే ఉండదు.

చోటు కంటే ఎక్కువ పాస్‌లు అమ్మడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. పాస్ కొన్నవారిలో కొందరు సెలవులో ఉంటారు, కొందరు ఇంటి నుంచే పనిచేస్తారు, కనుక అందరూ ఒకేరోజు రారన్న నమ్మకంతో నిర్వాహకులు కొంత ఎక్కువ అమ్ముతారు. పరిమితిలో ఉంటే అందులో తప్పు లేదు, ఖాళీగా పడి ఉండవలసిన చోటు ఎవరికో ఉపయోగపడుతుంది. అయితే ఎన్ని చోట్లకు ఎన్ని పాస్‌లు అమ్మారన్న లెక్క కొనేవారికి చెప్పరు. మేము లిఖితపూర్వకంగా అడిగినా సమాధానం రాలేదు.

స్టేషన్ పార్కింగ్‌కూ మామూలు దుకాణ సముదాయం పార్కింగ్‌కూ ఉన్న తేడాను కొనేవారు గమనించాలి. దుకాణాల దగ్గర ఒక కారు వెళ్లిపోగానే మరొకటి వస్తుంది, ఒకే గీతల మధ్య రోజంతా ఎన్నో బండ్లు మారతాయి. స్టేషన్‌లో ఉదయం నిలిపిన కారు సాయంత్రం దాకా కదలదు, అంటే ఒక చోటు రోజుకు ఒక్కరికే పనికివస్తుంది. పైగా అందరూ వచ్చేది ఒకే గంటలో. లోపలికి, బయటికి తిరిగే దారితో కలిపి ఒక్కో కారుకు దాదాపు 25 నుంచి 30 చదరపు మీటర్ల నేల కావాలి. ఆ లెక్కన ఒక హెక్టారు స్థలంలో పట్టేవి ఇంచుమించు 330 నుంచి 400 కార్లు. పన్నెండు పెట్టెల సబర్బన్ రైలు ఒక్కటి వెయ్యికి పైగా మనుషులను మోస్తుంది. కార్లలో ఎక్కువగా ఒంటరిగానే వస్తారు కనుక, హెక్టారు నేల పరిచినా ఆ ఒక్క రైలులో సగం కూడా నిండదు. వందలాది కార్లకు పార్కింగ్ అన్న మాట వినడానికి ఘనంగా ఉంటుంది గాని, రద్దీ వేళలో వరుసగా వెళ్లే రైళ్ల ముందు అది ఏపాటిదో ఈ లెక్కే చెబుతుంది.

పార్కింగ్ ఉచితమని చెప్పి ఆకట్టుకునే అమ్మకందార్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఉచితంగా ఉన్న స్థలం అందరికంటే ముందు లేచి వచ్చినవారికి దక్కుతుంది, ఆ తరువాత వచ్చినవారికి ఎంత డబ్బిచ్చినా దొరకదు. పార్కింగ్ ధరల మీద జీవితమంతా పరిశోధన చేసిన అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్, వీధుల వెంట చోట్లు దాదాపు 85 శాతం నిండి, ఎప్పుడు చూసినా ఒకటి రెండు ఖాళీగా ఉండేలా రుసుము నిర్ణయించాలని వాదించారు. ఆయన వాదన అందరికీ నచ్చకపోవచ్చు. కాని నూటికి నూరు శాతం నిండిన పార్కింగ్ స్థలం మన పాలిట లేనిదానితో సమానమన్నది మాత్రం చోటు కోసం వరుసల మధ్య చుట్లు కొట్టిన ప్రతివారికీ తెలుసు.

చోటు దొరకనప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. గీతలు లేని గోడ పక్కనో, ప్రహరీ బయటి సందులోనో నిలిపి రైలెక్కినవారికి సాయంత్రం అద్దం మీద జరిమానా కాగితం కనిపిస్తుంది. మా కారుకు కూడా అంటించారు. నెల పాస్ అదే అద్దానికి లోపలివైపు కనిపిస్తూనే ఉంది. పాస్ గీతల మధ్య నిలిపినప్పుడే చెల్లుతుందని అప్పీలుకు జవాబిచ్చారు. రైల్వే స్థలానికి వర్తించే నియమాలు మామూలు రోడ్డు నియమాలే అయి ఉండాలన్న హామీ లేదు. ఉదాహరణకు బ్రిటన్‌లో రైల్వే స్థలాల్లో బండ్లు నిలిపే విషయం రైల్వే బైలాలలోని 14వ నిబంధన కిందికి వస్తుంది. మీ స్టేషన్ స్థలం రైల్వేదా, స్థానిక సంస్థదా, ప్రైవేటు కాంట్రాక్టరు లీజుకు తీసుకున్నదా అన్నది ముందే తెలుసుకుంటే, గొడవ వచ్చిననాడు ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది. మా స్టేషన్‌లో ముగ్గురూ ఒకరి పేరు ఒకరు చెప్పి తప్పుకున్నారు.

ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్నకు మరొక కారణం కూడా ఉంది. స్టేషన్‌ను ఆనుకుని ఉన్న ఖాళీ నేల కంటే విలువైన నేల శివార్లలో మరొకటి ఉండదు. దాని మీద కార్లు నిలపడం కంటే ఇళ్లు కట్టడం మేలని ప్రణాళికాకర్తలు చాలాచోట్ల నిర్ణయిస్తున్నారు. కాలిఫోర్నియాలో 2018లో వచ్చిన ఒక చట్టం బార్ట్ రైలు సంస్థకు స్టేషన్ల దగ్గర ఉన్న సొంత స్థలాల్లో ఇళ్ల నిర్మాణాన్ని సులభతరం చేసింది. అక్కడి మకార్థర్ స్టేషన్ దగ్గర ఒకప్పుడు కార్లు నిలిపిన చోట ఇప్పుడు నివాస భవనాలున్నాయి. ఆ విధానం మీద నాకు ఫిర్యాదు లేదు, నిజానికి కార్ల కంటే మనుషులు స్టేషన్ పక్కన ఉండటమే న్యాయం. నా అభ్యంతరమల్లా, ఎప్పుడైనా పోగల స్థలాన్ని శాశ్వత సౌకర్యంగా చూపించి అమ్మడం మీదే. మా స్టేషన్ పార్కింగ్‌లో ఒక వైపు ఇప్పటికే రేకులతో కంచె వేశారు. అక్కడ ఏం రాబోతోందో బోర్డు మీద లేదు.

షటిల్ బస్సు కథ చిన్నది. ఇళ్లు అమ్ముడవుతున్నంత కాలం అది నడిచింది, చివరి ఇంటి తాళాలు ఇచ్చిన కొద్ది కాలానికి ఆగిపోయింది. నిర్వహణ ఖర్చు నివాసుల సంఘం భరిస్తే మళ్లీ నడుపుతామన్నారు. ఒప్పందంలో షటిల్ ప్రస్తావన ఉంది, ఎంతకాలమన్నది లేదు.

కనుక కొనేవారు అమ్మకందారు కారులో ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూసి రావద్దు. ఆ పూట ఏ స్టేషన్ అయినా విశాలంగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. పనిరోజున, మీరు ఎక్కబోయే రైలు వేళకు, ఆ ఇంటి గేటు నుంచి సొంతంగా బయలుదేరి, కారు నిలిపి, ప్లాట్‌ఫాం దాకా వెళ్లి చూడండి. వర్షాకాలమైతే మరీ మంచిది, సబ్‌వేలో నీరు నిలుస్తుందా లేదా అన్నది కూడా తేలిపోతుంది. సాయంత్రం ఆలస్యంగా తిరిగి వచ్చినప్పుడు పార్కింగ్ వైపు గేటు తెరిచి ఉంటుందా, లోపల దీపాలు వెలుగుతాయా అన్నది చూడండి. మా దగ్గర ఆ గేటు ఆఖరి రైళ్ల కంటే ముందే మూతపడుతుంది, అప్పుడు ప్రధాన ద్వారం మీదుగా చుట్టూ తిరిగి రావాలి.

పాస్ గురించి అడిగేటప్పుడు దొరుకుతుందా అని మాత్రమే అడగవద్దు. అది కేటాయించిన చోటా, కేవలం లోపలికి వెళ్లే అనుమతా, ఏ సమయం దాకా చోటు అట్టిపెడతారు అని అడగండి. కొన్ని సంస్థలు ఈ విషయంలో నిజాయితీగా ఉంటాయి. ఇందాక చెప్పిన బార్ట్ సంస్థ నెలవారీ రిజర్వు పాస్ ఉన్నవారికి ఉదయం 10 గంటల దాకా చోటు అట్టిపెట్టి, ఆ తరువాత మిగిలినవాటిని ఇతరులకు వదిలే పద్ధతి పాటించింది. ఆ పాస్ కొత్తవారికి వెంటనే ఇస్తారా, నిరీక్షణ జాబితా ఉందా అన్నది కూడా అడగాలి. న్యూయార్క్ చుట్టుపక్కల శివారు స్టేషన్లలో కొన్నిచోట్ల పార్కింగ్ అనుమతి ఆ పట్టణ నివాసులకే పరిమితం, వారికి కూడా ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. ఆ పట్టణ సరిహద్దుకు బయట ఇల్లు కొన్నవారికి ఆ స్టేషన్ ఎంత దగ్గరైనా ప్రయోజనం లేదు.

కారు లేకుండా స్టేషన్ చేరే దారి ఉందా అన్నదానికి నేను ఇప్పుడు ఎక్కువ విలువ ఇస్తాను. ఒక కారు చోటులో చాలా సైకిళ్లు పడతాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు నిలిపే ఏర్పాటు 2019లో పూర్తయింది. మన శివారులో అంతటిది ఆశించనవసరం లేదు గాని, తాళం వేయడానికి ఇనుప కడ్డీలు, పైన కప్పు, కాపలా ఉన్నాయా అని చూడవచ్చు. సిటీ బస్సు ఉంటే దాని ఆఖరి సర్వీసు వేళను ఆఖరి రైలు వేళతో పోల్చి చూడండి. బస్సు ముందుగా ఆగిపోయే చోట రాత్రి షిఫ్టు ఉద్యోగులకు అది అక్కరకు రాదు.

అమ్మకందారు స్టేషన్ పార్కింగ్‌ను గట్టిగా ప్రస్తావిస్తే, ఆ మాటను ఒప్పంద పత్రంలో చేర్చమని అడగండి. షటిల్ అయితే ఏ తేదీ దాకా, ఎవరి ఖర్చుతో నడుస్తుందో రాయించండి. రాయడానికి వెనుకాడితే ఆ సౌకర్యాన్ని సున్నాగా లెక్కించి ధర మాట్లాడండి. మేము ఇచ్చిన ఫిర్యాదుకు అమ్మకందారు నుంచి వచ్చిన జవాబు మూడు వరుసలే: స్టేషన్ ఆవరణలోని సౌకర్యాలు తమ పరిధిలోనివి కావని, వాటికి తాము బాధ్యులము కామని. అదే సంస్థ ఇప్పుడు పక్క స్థలంలో రెండో దశ ఇళ్లకు బుకింగ్‌లు తీసుకుంటోంది, కొత్త బ్రోచర్‌లో పార్కింగ్ వాక్యం కింద నక్షత్రం గుర్తు చేరింది. మొదటి దశలో కొన్నవారు నక్షత్రం లేని పాత బ్రోచర్‌ను, పాస్ రసీదులను, జరిమానా కాగితాలను పారేయకుండా దాచి ఉంచండి. వినియోగదారుల కమిషన్‌లో ఉమ్మడిగా వేయబోయే ఫిర్యాదుకు అవి కావాలి.