ఓడుతున్న జట్టు ఎవరి పేరు నిలబెట్టాలి? ఊరి పాత ఆటగాళ్లదా, సొంత జట్టువాళ్లదా?

అమెరికా బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ నేషనల్స్ 2009లో 162 ఆటలు ఆడి 103 ఓడిపోయింది. ఆ ఏడాదే వాల్టర్ జాన్సన్, జాష్ గిబ్సన్, ఫ్రాంక్ హోవర్డ్‌ల కంచు విగ్రహాలను తన స్టేడియం దగ్గర నిలబెట్టింది. ఆ ముగ్గురిలో ఎవరూ నేషనల్స్ తరఫున ఆడినవారు కారు; ఆ ఊళ్లో పూర్వం వేరే జట్లకు ఆడినవారు. 2019లో బేస్‌బాల్ చాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచినా, 2020 నుంచి 2025 దాకా ఒక్క సీజన్‌లోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువగా సాధించలేకపోయిన ఈ జట్టు ముందు ఆనాటి ప్రశ్నే మళ్లీ ఉంది.

కాగితాల ప్రకారం చూస్తే నేషనల్స్ పూర్వీకులు మాంట్రియల్ ఎక్స్‌పోస్. 1969లో కెనడాలో మొదలైన ఆ ఫ్రాంచైజీయే 2005లో వాషింగ్టన్‌కు తరలివచ్చింది. ఈ లెక్కన గౌరవించవలసింది ఎక్స్‌పోస్ ఆటగాళ్లు గ్యారీ కార్టర్‌ను, ఆండ్రే డాసన్‌ను. 2010లో నేషనల్స్ స్టేడియంలో గొప్ప ఆటగాళ్ల పేర్లతో ఏర్పాటు చేసిన గౌరవ వలయంలో వారికి కూడా చోటిచ్చారు, అందులో తప్పేమీ లేదు. కానీ మాంట్రియల్ తన గొప్ప ఆటగాళ్ల గౌరవార్థం ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన 8, 10, 30 నంబర్లను వాషింగ్టన్ మళ్లీ కొత్త ఆటగాళ్లకు ఇచ్చేసింది. ఆ నంబర్లతో పతాకాన్ని తన హాలులో ఎగరేసింది మాంట్రియల్‌లోని హాకీ జట్టు కెనడియన్స్. ఫ్రాంచైజీ తరలిపోయినా, ఆ ఆటను చూసినవారి జ్ఞాపకం తరలిపోలేదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం నాకు కనిపించదు.

సొంత ఆటగాళ్లు పేరు తెచ్చుకునేదాకా ఆగాలనేది మరో వాదన. 2022లో నేషనల్స్ ఆటగాడు రయన్ జిమ్మర్‌మన్ 11వ నంబరును శాశ్వతంగా పక్కన పెట్టినట్టు అది సహజంగానే జరుగుతుంది. అయితే 2009 నాటికి జట్టు వయసు అయిదో సీజన్ మాత్రమే. అప్పటిదాకా గోడలు ఖాళీగా ఉంచడం నిజాయితీ అనిపించవచ్చు గానీ, ఆ ఊళ్లో బేస్‌బాల్ అంతకుముందు లేనే లేదన్న అబద్ధాన్ని కూడా అది మోస్తుంది.

ఊరివైపు ఉన్న బలం ఎక్కువ. 1907 నుంచి 1927 వరకు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) జాన్సన్ తన 417 విజయాలనూ ఆ ఊరి పాత జట్టు వాషింగ్టన్ సెనేటర్స్‌కే సంపాదించిపెట్టాడు. 1924 వరల్డ్ సిరీస్ చివరి ఆటను పన్నెండో ఇన్నింగ్స్ దాకా నిలబడి గెలిపించాడు. ఆ సెనేటర్స్ 1961లో మిన్నెసోటాకు, తర్వాత వచ్చిన రెండో సెనేటర్స్ 1972లో టెక్సస్‌కు వెళ్లిపోవడంతో, ఈ రికార్డులు ఇప్పుడు అధికారికంగా వేరే ఊళ్ల జట్ల ఖాతాలో ఉన్నాయి. రెండో సెనేటర్స్ ఆటగాడు హోవర్డ్ కొట్టిన హోమ్ రన్‌లు పడిన చోట, వాషింగ్టన్‌లోని ఆర్‌ఎఫ్‌కే స్టేడియం పై అంతస్తులో కుర్చీలకు తెల్లరంగు వేసి ఉండేది. 1971 సీజన్ తర్వాత జట్టు వెళ్లిపోయాక అక్కడ బేస్‌బాల్ ఆగిపోయినా, ఆ తెల్ల కుర్చీలు ఉండిపోయాయి. 2005లో నేషనల్స్ ఆడటం మొదలుపెట్టింది వాటి కిందే.

ఊరి చరిత్రను గౌరవించడమంటే దానిలోని అన్యాయాన్ని కూడా ఒప్పుకోవడమే. మేజర్ లీగ్ జట్లు నల్లజాతివారిని తీసుకోని రోజుల్లో గిబ్సన్ హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు తరఫున, సెనేటర్స్ మైదానమైన గ్రిఫిత్ స్టేడియంలో ఆడాడు. సెనేటర్స్ యజమాని క్లార్క్ గ్రిఫిత్ ఆ నల్లజాతి జట్టు నుంచి అద్దె తీసుకున్నాడు గానీ, గిబ్సన్‌ను తన జట్టులోకి తీసుకోలేదు. 1947 జనవరిలో, నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ నిషేధాన్ని దాటి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే గిబ్సన్ చనిపోయాడు. అతని విగ్రహం కోసం గెలిచే సీజన్ వచ్చేదాకా ఆగమనడం నాకు క్రూరంగా తోస్తుంది.

విగ్రహాలు పెట్టి, మంచి పిచర్లను కొనకుండా తప్పించుకుంటారన్న భయం న్యాయమైనదే. కానీ పిచర్ జీతం ముందు విగ్రహం ఖర్చు ఎంత? ఆ డబ్బు మిగిల్చినంత మాత్రాన ఆ 103 ఓటముల్లో ఒక్కటీ తగ్గేది కాదు. అందుకే ఊరి పాత ఆటగాళ్లే ముందు, ఫ్రాంచైజీ వాళ్లు తర్వాత అంటాను. నల్లజాతి ఆటగాళ్ల పాత లీగులైన నీగ్రో లీగ్స్ గణాంకాలను 2024లో మేజర్ లీగ్ తన రికార్డుల్లో కలుపుకున్నప్పుడు గిబ్సన్ 0.372 బ్యాటింగ్ సగటు అందరికంటే పైన నిలిచింది. అప్పటికి పదిహేనేళ్లుగా వాషింగ్టన్‌లో అతని విగ్రహం ఉంది.