బడి భోజనమా, సైనిక శిబిరమా?
అమెరికాలో 1946లో జాతీయ పాఠశాల భోజన చట్టం రావడానికి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పోషకాహార లోపం వల్ల ఎందరో యువకులు సైన్యానికి పనికిరాకపోవడం ఒక ముఖ్య కారణం. 2010లో విశ్రాంత సైన్యాధికారులు మళ్ళీ బడి భోజనం ప్రస్తావన తెచ్చింది మాత్రం ఊబకాయం గురించి. 17 నుంచి 24 ఏళ్ళ వారిలో సుమారు 27 శాతం మంది కేవలం అధిక బరువు వల్లే సైన్యంలో చేరలేరని వారి నివేదిక తెలిపింది.

ఈ సమస్యకు మొదటి మార్గం బడి భోజనాన్ని మార్చడం. అదే ఏడాది వచ్చిన చట్టాన్ని అనుసరించి, 2012 నుంచి ఉన్నత పాఠశాలల మధ్యాహ్న భోజనానికి వారం సగటున 850 కేలరీల గరిష్ఠ పరిమితి విధించి, పండ్లు, కూరగాయలు, ముడిధాన్యాల వాటా పెంచి, ఉప్పును దశలవారీగా తగ్గించాలని నిర్ణయించారు. పిల్లలు కూరగాయలను చెత్తబుట్టలో పడేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. 2017లో కొన్ని నిబంధనలు సడలాయి. పైగా బడిలో తినేది రోజులో ఒకటి రెండు పూటలే, ఇంట్లోని శీతల పానీయాలపై ఈ చట్టానికి అధికారం లేదు.

రెండవ మార్గం 2022లో దక్షిణ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో మొదలైన సన్నాహక శిక్షణ. సైన్యం పెట్టిన శరీర కొవ్వు పరిమితిని కొద్దిగా దాటిన అభ్యర్థులకు గరిష్ఠంగా 90 రోజులు ఆహార నియమం, వ్యాయామం నేర్పుతారు. ఫలితం వెంటనే తెలుస్తుంది గాని, బాగా బరువున్నవారికి అందులో ప్రవేశమే లేదు.

ఈ ఏడాది ఖాళీలు నింపవలసిన సైన్యానికి శిబిరం తప్పదు. అయినా ప్రభుత్వ ధనం ముందుగా వెళ్ళవలసింది బడి వంటగదికేనని నా అభిప్రాయం, ఎందుకంటే దాని మేలు సైన్యం ముఖం చూడని పిల్లలకూ అందుతుంది.