మా ఇంటి ఇంటర్నెట్ వడపోత: నాలుగున్నరేళ్లు వాడాక

2023 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. అమ్మాయి ఎంసెట్ దరఖాస్తుకు ఆలస్య రుసుము లేకుండా డబ్బు కట్టడానికి అదే ఆఖరి రోజు. నేను శిక్షణ తరగతుల కోసం హైదరాబాద్‌లో ఉన్నాను. నల్లగొండ రామగిరిలోని మా ఇంట్లో తల్లీకూతుళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వివరాలన్నీ నింపి, డబ్బు కట్టే బటన్ నొక్కారు. తెల్లటి పేజీ వచ్చింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అదే. నెట్ పోయిందేమో అనుకుంటే పక్క గదిలో మా నాన్న ఫోనులో వీడియో నడుస్తూనే ఉంది. అరగంట సేపు రౌటర్ ఆపుతూ, వేస్తూ తంటాలు పడి, చివరికి మా ఆవిడ తన ఫోను డేటాకు ల్యాప్‌టాప్‌ను కలిపితే నిమిషంలో పని అయిపోయింది. రాత్రి ఫోను చేసి ఒక్కటే అడిగింది: "మీరు పెట్టిన ఆ పెట్టె ఆపిందని మాకెలా తెలుస్తుందండీ?"

నా దగ్గర జవాబు లేదు. చెల్లింపు మధ్యలో బ్రౌజర్ దాటి వెళ్లే ఒక చిరునామా, నేను ఉత్సాహంగా చేర్చిన బ్లాక్‌లిస్టుల్లో, అంటే ఆపాల్సిన పేర్ల జాబితాల్లో, ఒకదానిలో ఉంది. ఆ రాత్రే దాన్ని తీసేశాను. కానీ ఆమె ప్రశ్న అలాగే మిగిలింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ గురించి నేను చెప్పేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

ఆ పెట్టె పేరు పై-హోల్. 2014లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, విరాళాలతో నడుస్తుంది, వాడుకోవడానికి పైసా కట్టనక్కర్లేదు. 2021 జూన్‌లో, పిల్లల చదువులు ఫోన్లలోనే సాగుతున్న రోజుల్లో, మూడున్నర వేలు పెట్టి రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొని అందులో వేశాను. అరచేతిలో పట్టే ఆ బోర్డుకు నెలకు మూడు యూనిట్ల కరెంటు కూడా కాదు. ఏ ఫోనైనా, టీవీ అయినా ఒక సైటుకు వెళ్లే ముందు ఆ పేరుకు అంకెల చిరునామా ఏమిటని డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. ఆ ప్రశ్నలన్నీ ముందు ఈ బోర్డుకు వచ్చేలా రౌటర్‌లో అమర్చాలి. ప్రకటనల పేర్లు, మోసగాళ్ల పేర్లు, పిల్లలు చూడకూడని సైట్ల పేర్లు వస్తే అది 0.0.0.0 అని, అంటే ఎక్కడికీ చేర్చని చిరునామా చెప్పి ఊరుకుంటుంది. మిగతా వాటికి అసలు జవాబు తెచ్చి ఇస్తుంది.

మా జిల్లా వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. అందులోని ఫ్లోరైడ్ ఎముకలు వంగిపోయాకే తెలిసేది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే విధానం తయారు చేస్తే దానికి మా ఊరి పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. మా అత్తగారిది మర్రిగూడ మండలం. పై-హోల్ ఏం చేస్తుందో ఆమెకు ఒక్క మాటలో చెప్పాను: నీళ్లు బిందెలోకి రాకముందే వడకడుతుంది. ఆమె వెంటనే అడిగింది: "మరి బయట తాగే నీళ్ల సంగతి?" ఈ వడపోతకున్న పెద్ద హద్దు అదే. వైఫై దాటి మొబైల్ డేటాలోకి వెళ్తే పెట్టె ఉన్నా లేనట్టే. అందుకే మా నాన్న ఫోనులో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అనే చోట క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ నడిపే కుటుంబ వడపోత సేవ పేరు రాసి పెట్టాను. 2020లో వచ్చిన 1.1.1.3 సేవ అదే. పొలం దగ్గరున్నా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోనులో ఆ సదుపాయం ఉంది.

రోజువారీ వాడకంలో ఇబ్బంది లేదు. మా ఇంటి నుంచి వెళ్లే ప్రతి వంద ప్రశ్నల్లో పదిహేను, ఇరవై ఆగిపోతుంటాయి. వార్తల పేజీలు త్వరగా తెరుచుకుంటాయి, పిల్లాడి ఆటల యాప్‌లలో ప్రకటనలు దాదాపు పోయాయి. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం పోవు. వీడియో వచ్చే చోటి నుంచే ప్రకటన కూడా వస్తుంది కాబట్టి పేరును బట్టి విడదీయడం కుదరదు. ఆ ఒక్క ఆశతో పెట్టుకునేవాళ్లు పెట్టుకోవద్దు. నన్ను నిజంగా కలవరపెట్టింది టీవీ. ఏ పరికరం ఎప్పుడు ఏ పేరు అడిగిందో పై-హోల్ రాసుకునే పట్టికను లాగ్ అంటారు. ఒక రోజు అది తెరిచి చూస్తే తెల్లవారుజామున రెండు గంటలకు, అందరం నిద్రలో ఉండగా, రిమోట్‌తో ఆపేసిన టీవీ ఒకే చిరునామాను నిమిషానికొకసారి అడుగుతూ ఉంది. అప్పటి నుంచి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్చే ఆపుతున్నాం.

భద్రత విషయంలో రెండు అనుభవాలు చెప్పాలి. నాన్న ఫోనులో ఆ ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఇంకా పెట్టకముందు, ఖాతా నిలిచిపోతుంది, కేవైసీ చేయించుకోండి అని ఆయనకు ఒక సందేశం వచ్చింది. లింకు నొక్కారు, తెరుచుకోలేదు. ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. లాగ్ చూస్తే ఆపింది నా జాబితాలు కావు, వాటికి పైన, బోర్డు అసలు జవాబులు తెచ్చుకునే చోటుగా నేను పెట్టుకున్న క్వాడ్9. అది 2017 నుంచి నడుస్తున్న 9.9.9.9 సేవ, హానికరమని తేలిన పేర్లకు జవాబు ఇవ్వదు. ఆ రోజు నేను ఈ పెట్టె మీద పెట్టిన డబ్బంతా తిరిగొచ్చినట్టే అనిపించింది. రెండోసారి ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలే, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలే, నేరుగా వచ్చింది. అక్కడ డీఎన్‌ఎస్ చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే ఫైలు వచ్చింది వాట్సాప్ దారిలోనే. నాన్న దాన్ని నొక్కకుండా ముందే తెచ్చి చూపించారు. మొదటిసారి జరిగినదాని గురించి ఇద్దరం కూర్చుని మాట్లాడుకోకపోతే చూపించేవారు కాదేమో. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు కూడా ఆ రోజే ఆయన ఫోనులో వేశాను.

మళ్లీ మా ఆవిడ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆపినప్పుడు "ఇది ఇంటి వడపోత ఆపింది" అని చెప్పే పేజీ ఒకప్పుడు పై-హోల్‌లో ఉండేది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ అనే గుప్తీకరించిన పద్ధతిలోకి మారాయి. మధ్యలో మన పేజీ చూపిస్తే బ్రౌజర్ దాన్ని దొంగ సర్టిఫికెట్‌గా భావించి భయపెట్టే హెచ్చరిక ఇస్తుంది. అందుకే ఆ పేజీని తీసేశారు. కారణం సబబే, కానీ ఇంట్లోవాళ్లకు తెల్లటి పేజీ ఒక్కటే మిగిలింది. జవాబుతో పాటు కారణాన్ని కూడా పంపే పద్ధతి 2020లోనే ప్రమాణంగా వచ్చింది. అందులో 15వ సంఖ్య అంటే నిర్వాహకుడు ఆపాడని, 17 అంటే వాడేవారు కోరిన వడపోత వల్ల ఆగిందని. మా ఇంట్లోని ఏ ఫోను బ్రౌజర్‌లోనూ ఆ మాట తెర మీద కనిపించగా నేను చూడలేదు. ఈ సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్లు, బ్రౌజర్లు చేసేవాళ్లు కలిసి తేల్చాల్సిన మొదటి పని ఇదే. ఆగిందని ఒక్క వాక్యం, అది తెలుగులో ఉంటే మరీ మంచిది, పక్కనే "తెరవమని అడుగు" అనే ఒక బటన్. అంతకు మించి నేను కోరను.

రెండోది గడియారం. 2024 సంక్రాంతికి మెయిన్ స్విచ్ ఆపేసి పది రోజులు దేవరకొండ దగ్గర మా ఊరికి వెళ్లాం. తిరిగొచ్చాక ఏ సైటూ తెరుచుకోలేదు. గంటన్నర వెతికితే తెలిసింది, బోర్డు ఇంకా మేం ఊరెళ్లిన రోజులోనే ఉంది. రాస్ప్‌బెర్రీ పై 3లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు పోతే చివరిసారి రాసుకున్న సమయం నుంచే మళ్లీ మొదలవుతుంది. డీఎన్‌ఎస్ జవాబులు అసలైనవేనా అని సంతకాలతో సరిచూసే డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీ నేను పెట్టుకున్నాను. అందులో జవాబుల మీది సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. పది రోజులు వెనకబడిన బోర్డుకు ఇవాళ్టి సంతకాలన్నీ ఇంకా రాని తేదీలవిగా కనిపించి, అన్నిటినీ తిప్పికొట్టింది. సరైన సమయం తెలుసుకోవాలంటే టైమ్ సర్వర్‌ను అడగాలి. దాని చిరునామా కావాలంటే డీఎన్‌ఎస్ కావాలి. ఆ డీఎన్‌ఎస్ ఈ బోర్డే! టైమ్ సర్వర్‌కు పేరు బదులు అంకెల చిరునామా ఇచ్చి ఆ చిక్కు విప్పాను, తర్వాత బటన్ సెల్‌తో నడిచే చిన్న గడియారపు మాడ్యూల్ కొని తగిలించాను. కొత్త పై 5లో గడియారం లోపలే ఉంది, బ్యాటరీ మాత్రం విడిగా పెట్టాలి. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇది అరుదైన సమస్య కాదు. సమయం తప్పుగా ఉందని సాఫ్ట్‌వేరే గుర్తించి ముందుగా చెప్పాలి. ఎండాకాలం కోతలకు ఒక ఎస్‌డీ కార్డు కూడా పాడైంది. బోర్డునూ రౌటర్‌నూ ఇన్వర్టర్ లైనుకు మార్చాను, టెలిపోర్టర్ అనే సదుపాయంతో అమరికల నకలు పెన్‌డ్రైవ్‌లో దాచాను.

పెట్టుకునేటప్పుడు చాలామంది చేసే పొరపాట్లు రెండున్నాయి, నేనూ చేశాను. రౌటర్‌లో రెండో డీఎన్‌ఎస్ గడిలో "ఉంటే మంచిదే కదా" అని గూగుల్ వారి 8.8.8.8 వేయడం ఒకటి. పరికరాలు దాన్ని అత్యవసరానికి దాచుకోవు, ఇష్టం వచ్చినప్పుడు అటూ వెళ్తాయి, వడపోతకు చిల్లు పడుతుంది. రెండోది ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాల దారి. రౌటర్ ఆ దారిలో వేరే డీఎన్‌ఎస్ చిరునామాను పంచుతుంటే కొన్ని ఫోన్లకు పై-హోల్ ఉన్నట్టే తెలియదు.

లాగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. అమ్మాయి ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక వారం తన ఫోను వరుస లాగ్‌లో మాయమైంది. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో తనే వేరే పేరు పెట్టుకుంది. ఆ దారిని రౌటర్‌లో మూసేయడం నాకు తెలుసు, మూయకుండా అడిగాను. "నాన్నా, నేను ఏ వేళ ఏం చూశానో మీకు కనిపిస్తుందని తెలిశాక నాకు బాగోలేదు" అంది. తను చెప్పింది నిజం. ఆరోగ్యం గురించి వెతికిన సైటు పేరు కూడా అందులో పడుతుంది, పక్కన సమయంతో సహా. పై-హోల్‌లో గోప్యతా స్థాయిలు ఉన్నాయి గానీ అవి ఇల్లంతటికీ ఒకటే. పేర్లు దాచేస్తే తప్పు వెతకడానికి దారి ఉండదు, దాచకపోతే అందరివీ కనిపిస్తాయి. లాగ్ ఒక్క రోజు వరకే ఉండేలా కుదించి, ఫలానా పేజీ తెరుచుకోవడం లేదని ఎవరైనా అడిగితేనే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే తెరుస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పలేదు. తను కూడా ఫోనులో అమరికను మునుపటిలా మార్చేసింది.

ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ అడ్‌గార్డ్ హోమ్‌ను కూడా పాత ల్యాప్‌టాప్‌లో రెండు నెలలు నడిపి చూశాను. ఈ విషయంలో అది మేలు. ఫలానా ఫోను ప్రశ్నలు లాగ్‌లో రాయవద్దని విడిగా చెప్పవచ్చు. ఒక్కో పరికరానికి ఏ సేవలు ఆపాలో, ఏ వేళల్లో వదలాలో కూడా అందులోనే ఉంది; పై-హోల్‌లో ఆ వేళల పట్టిక కోసం సొంతంగా స్క్రిప్టు రాసుకోవాలి. పైకి వెళ్లే ప్రశ్నల గుప్తీకరణ కూడా లోపలే ఉంది. కొత్తగా మొదలుపెట్టే కుటుంబానికి నేను అడ్‌గార్డ్ హోమే చెబుతాను. నేను మాత్రం పై-హోల్‌లోనే ఉన్నాను. పరికరాలను గుంపులుగా విడదీసే అమరిక నా చేతికి అలవాటైంది, తప్పెక్కడుందో వెతకడం దీనిలోనే నాకు సులువు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆరో వెర్షన్‌కు మారాక పాత బోర్డు మీదే తేలికగా నడుస్తోంది.

ఎంసెట్ సంఘటన తర్వాత చేసిన మార్పు ఒక్కటే. పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గర ఉంచుకోవడం మానేశాను. మా ఆవిడ ఫోనులో పై-హోల్ పేజీ తెరిచి, ఐదు నిమిషాలు ఆపే బటన్ ఎక్కడుందో, ఆగిన పేరును అనుమతి జాబితాలో ఎలా చేర్చాలో చూపించాను. మొదట్లో ప్రతిసారీ నన్ను పిలిచేది, తర్వాత పిలవడం మానేసింది. మొన్న జాబితాలు సర్దుతుంటే అనుమతి జాబితాలో నేను చేర్చని పేర్లు నాలుగు కనిపించాయి. ఒక్కోదాని పక్కన, వ్యాఖ్య రాసుకునే గడిలో, ఆమె తెలుగులో రాసి పెట్టింది. ఒకచోట "బడి ఫీజు" అని ఉంది. ఇంకోచోట: "మామయ్య గారి వార్తలు. తీయకండి."