బేర్ లేక్ చుట్టూ తిరగాలా, డ్రీమ్ లేక్ దాకా ఎక్కాలా?

వేసవి వస్తే చాలు, కొలరాడో వచ్చే మిత్రులంతా ఇదే అడుగుతారు: ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఒక పూట నడవడానికి ఏ బాట మేలు?

రెండు బాటలూ ఒకే చోట మొదలవుతాయి. బేర్ లేక్ చుట్టుబాట మైలు కూడా ఉండదు, ఎక్కుడూ తక్కువే. గాలి లేని ఉదయం హాలెట్ శిఖరం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. రెండోది కొండ మీదికి వెళ్లేది. అర మైలుకు నింఫ్ లేక్, 1.1 మైళ్లకు డ్రీమ్ లేక్, 1.8 మైళ్లకు ఎమరాల్డ్ లేక్.

అందరూ దూరమే లెక్కేస్తారు. నేను ముందు ఎత్తు చూడమంటాను. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగుల ఎత్తున ఉంటే, బేర్ లేక్ దాదాపు 9,450 అడుగుల మీద ఉంది. రోజూ కేబీఆర్ పార్కులో చకచకా నడిచే నాన్నగారికి కూడా ఇక్కడ పది అడుగులకే ఆయాసం రావచ్చు. ఎవరికి ఎక్కడ ఓపిక అయిపోతుందో ముందుగా చెప్పలేం కాబట్టి, ఆగిన చోటే చూడదగినది ఏదో ఒకటి ఉండే బాట కావాలి. చుట్టుబాటలో సగానికి చేరాక మనసు మారినా లాభం లేదు, ఎటు నడిచినా అంతే దూరం. రెండో బాటలో అలా కాదు. నింఫ్ దగ్గరే కూలబడినా నీటినిండా కలువాకులు, మధ్యమధ్య పసుపు పూలు ఉంటాయి. సగంలో తిరిగొచ్చామన్న చిన్నతనం ఎవరికీ ఉండదు.

అందుకే నా ఓటు డ్రీమ్ లేక్‌కే. సన్నగా, పొడవుగా సాగే సరస్సు, దాని తలాపున హాలెట్ శిఖరం. ఎమరాల్డ్ దాకా వెళ్లి తీరాలన్న పట్టుదల మాత్రం పెద్దవాళ్లతో వద్దు. చివర్లో రాళ్లు ఎక్కువ.

చక్రాల కుర్చీ ఉంటే ఇదే పార్కులోని స్ప్రేగ్ లేక్, మరో ఆలోచన అక్కర్లేదు. అల్బర్టా జలపాతం బాగానే ఉంటుంది, అంతే.

డెన్వర్‌లో దిగిన మర్నాడే కొండెక్కించకండి, రెండు రాత్రులు పడుకోనివ్వండి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలే, పదకొండుకల్లా దిగిపోవాలి. ఇటీవలి సంవత్సరాల్లో సీజన్‌లో బేర్ లేక్ రోడ్డుకు ముందే సమయం బుక్ చేసుకోవాల్సి వస్తోంది. పులిహోర పొట్లం డ్రీమ్ లేక్ దగ్గర విప్పవచ్చు. చిట్టి ఉడుతలు ఒళ్లోకి వస్తాయి, కానీ ఒక్క మెతుకు కూడా వేయకండి, ఇక్కడ అది నేరం. మీ అమ్మగారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.