నెట్ పోయినా ఆగని కాల్స్: ఆస్టరిస్క్‌లో ఆర్‌టీపీ టైమౌట్, సెషన్ టైమర్ - కొన్నేళ్ళ వాడకం తర్వాత

చెన్నై పెరుంగుడిలోని మా కాల్ సెంటర్‌లో ఫోన్లన్నీ ఆస్టరిస్క్ అనే ఇంటర్నెట్ ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. తడ, సూళ్ళూరుపేట, నెల్లూరుల్లో ఇంటి నుంచే పనిచేసే తెలుగువాళ్ళు మా దగ్గర ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, ఎవరో ఒకరికి కరెంటో నెట్టో పోతుంది. అప్పుడు ఫోన్ నుంచి కాల్ ముగిసిందని చెప్పే 'బై' మెసేజ్ రాదు. సర్వర్‌కి ఆ కాల్ ఇంకా నడుస్తున్నట్టే లెక్క, బిల్లూ నడుస్తూనే ఉంటుంది.

అవతల మనిషి ఉంటే గొడవ లేదు. 'హలో హలో' అని రెండుసార్లు అని పెట్టేస్తారు. అసలు చిక్కంతా అవతల మనిషి లేనప్పుడే. మా వాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి హోల్డ్‌లో ఉంటారు. ఇటు నెట్ పోతే, ఆ హోల్డ్ పాట ఎవరూ వినకుండానే మోగుతూ ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రోజుల్లో నడుస్తున్న కాల్స్ చూపే 'కోర్ షో చానెల్స్' కమాండ్ కొట్టి చూస్తే, కరెంటు లేక ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్ళ పేర్ల మీద గంటల తరబడి కాల్స్ కనిపించాయి. ఒకతను నాతో, 'అన్నా, నా ల్యాప్‌టాప్ పొద్దున్నే ఆగిపోయింది, నేనెక్కడ మాట్లాడతాను?' అన్నాడు.

దీనికి నాకు బాగా పనికొచ్చింది ఆర్‌టీపీ టైమౌట్. ఆర్‌టీపీ అంటే మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా నెట్ మీద పంపే పద్ధతి. మామూలుగా కాల్‌లో 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, సెకనుకు 50 మాట ప్యాకెట్లు వస్తాయి. అవి 30 సెకన్లపాటు అసలు రాకపోతే కాల్ కట్ చేయమని పెట్టాను. 10 సెకన్లు పెడితే, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారి మళ్ళీ అందుకునే కాల్స్ కూడా తెగిపోతాయి. మూడు సంగతులు చూసుకోవాలి. దీన్ని ఏజెంట్ వైపు పెట్టాలి. మాటను రెండు వైపుల మధ్య నేరుగా పంపించే డైరెక్ట్ మీడియా ఆపేయాలి, లేకపోతే మాట సర్వర్ గుండా రాదు, అది పోయిందో లేదో సర్వర్‌కి తెలియదు. సాఫ్ట్‌ఫోన్‌లో (కంప్యూటర్‌లో నడిచే ఫోన్ యాప్) సైలెన్స్ సప్రెషన్ తీసేయాలి. అది ఉంటే మనం మాట్లాడనప్పుడు ప్యాకెట్లే ఆగిపోతాయి, బతికున్న కాల్ కట్ అవుతుంది. హోల్డ్‌కి విడిగా ఇంకో టైమౌట్ ఉంది, అది పెద్దదిగా పెట్టుకోవచ్చు.

ఫోన్ అందుతోందో లేదో అప్పుడప్పుడు పలకరించి చూసే క్వాలిఫై ఆప్షన్ ఉంది కదా అని కొందరంటారు. అది ఫోన్ అందుబాటులో లేదని గుర్తు పెడుతుందే తప్ప, నడుస్తున్న కాల్‌ని ముగించదు.

ఇక సెషన్ టైమర్. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4028 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోని పద్ధతి ఇది. 'కాల్ ఇంకా ఉందా?' అని మధ్యమధ్యలో అవతలి వైపును అడుగుతుంది, జవాబు రాకపోతే ముగిస్తుంది. ఆస్టరిస్క్‌లో మామూలుగా ఉండే గడువు 1800 సెకన్లు, అడిగేది అందులో సగానికి. అంటే అడిగిన మరుక్షణమే లైన్ పోతే, తెలిసేసరికి పావుగంట దాటుతుంది. నిమిషానికింత అని డబ్బు కట్టేవాళ్ళకు ఇది చాలా ఎక్కువ. కనీస గడువైన 90 సెకన్ల దాకా దించుకోవచ్చు.

అయినా దీన్ని వదిలేయకూడదు. మా ఆఫీసు లైనే పోయినప్పుడు సర్వర్ పంపే 'బై' ట్రంక్ (బయటి ఫోన్ నెట్‌వర్క్‌కి కలిపే లైన్) ఇచ్చే కంపెనీకి చేరదు. అప్పుడు వాళ్ళ వైపు టైమర్ ఒక్కటే దిక్కు. మా పాత ప్రొవైడర్ పంపే 200 ఓకేలో (కాల్ ఎత్తారని చెప్పే జవాబు) ఈ టైమర్ గడువు చెప్పే సెషన్ ఎక్స్‌పైర్స్ హెడరే ఉండేది కాదు. ఎన్నిసార్లు అడిగినా పట్టించుకోలేదు, తెగిన కాల్స్‌కి డబ్బు మాత్రం పూర్తిగా వసూలు చేశారు. అందుకే మారిపోయాం. కొత్తగా ట్రంక్ తీసుకునేవాళ్ళు, రేటు అడిగే ముందు ఒక టెస్ట్ కాల్ చేసి ఆ హెడర్ వస్తోందో లేదో చూడండి.

ఆస్టరిస్క్ మీద నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. టైమౌట్‌తో కట్ అయిన కాల్‌కి, ఎదురుచూసిన ఆ 30 సెకన్లు కూడా సీడీఆర్‌లోని (ప్రతి కాల్ వివరాలు రాసిపెట్టే రికార్డు) బిల్ సెకన్లలో కలిసిపోతాయి. ప్యాకెట్లు లేక కట్ చేశానని లాగ్‌లో ఒక లైను రాస్తుంది. ఆ లైన్లు ఏరి, మా కస్టమర్లకు పంపే బిల్లులో కాల్‌కి 30 సెకన్ల చొప్పున తీసేసే చిన్న స్క్రిప్ట్ రోజూ రాత్రి నడుపుతున్నాం.