గుర్రంతో క్యాంపింగ్: టెక్సస్‌లో మూడు పార్కులు చూశాక

మా అమ్మాయి రెండేళ్లుగా డాలస్‌కి ఉత్తరాన ఆబ్రీ దగ్గర ఒక బార్న్‌లో (గుర్రాల శాలలో) గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకి ఆ దారి తెలిసే ఉంటుంది. 377 హైవే మీద పోతుంటే రెండు పక్కలా కంచెలు, వాటి వెనక గుర్రాలు. క్లాసు అయ్యేదాకా కార్లో కూర్చుని ఆఫీసు కాల్స్ మాట్లాడుకోవడమే నా పాత్ర అనుకున్నాను. ఒకరోజు బార్న్ ఆవిడ, "స్టేట్ పార్కుకి క్యాంపింగ్‌కి వెళ్తున్నాం, బిస్కెట్‌ని కూడా తీసుకెళ్తాను, మీరూ వస్తారా?" అని అడిగింది. బిస్కెట్ మా అమ్మాయి ఎక్కే ఆడగుర్రం. ఇక ఇంట్లో నా మాట ఎవరు వింటారు?

అలా మొదలై ఏడాదిలో మూడు పార్కులు చూశాం. ట్రక్కు, ట్రెయిలర్, రెండు గుర్రాలు ఆవిడవి. అద్దె ఆర్వీ (లోపలే పడక, వంటగది ఉండే బండి), వంట మావి.

అన్నిటికన్నా ముందు కాగితం సంగతి. టెక్సస్ పార్కుల్లోకి గుర్రాన్ని తీసుకెళ్లాలంటే గడిచిన 12 నెలల్లో చేయించిన కాగిన్స్ టెస్టు నెగెటివ్ రిపోర్టు చేతిలో ఉండాలి. గుర్రాలకి ఒకదాన్నుంచి ఒకదానికి ఈగల ద్వారా అంటుకునే ఒక రక్తహీనత జబ్బుంది, దానికి మందు లేదు. ఆ టెస్టు దానికోసమే. మేం మొదటిసారి వెళ్లినప్పుడు బిస్కెట్ రిపోర్టు బార్న్‌లో గోడకి అతికించే ఉండిపోయింది. ఆవిడ ఫోన్లో ఫోటో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పూటకి వెనక్కి రావడమే. పాస్‌పోర్టు మర్చిపోయి ఎయిర్‌పోర్టుకి వెళ్లిన టెన్షన్ గుర్రానికి కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ మొదటి పార్కు రే రాబర్ట్స్ లేక్‌లో ఐల్ డ్యు బ్వా వైపు. మాకు దగ్గర కావడం ఒక లాభమైతే, గుర్రాలతో దిగే క్యాంపు సైట్లలో కూడా కరెంటు ఉండటం రెండోది. మా అత్తయ్య వచ్చిన నెలలో వెళ్లాం కాబట్టి రైస్ కుక్కర్, ఏసీ రెండూ పనిచేయడం నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చెరువు కట్ట కింది నుంచి దక్షిణంగా లేక్ లూయిస్‌విల్ దాకా గ్రీన్‌బెల్ట్ అనే అడవి దారి ఉంది. ఇబ్బందల్లా వానతోనే. వాన పడి నేల మెత్తబడితే గుర్రాల దారి మూసేస్తారు. డెక్కలు దిగబడితే దారి పాడవుతుందని. మేం శుక్రవారం రాత్రి వానలో చేరాం, శనివారం మొత్తం గుర్రాలకి గడ్డి వేస్తూ కూర్చున్నాం. బయలుదేరేముందు పార్కుకి ఫోన్ చేసి అడగాల్సింది. అడగలేదు, తప్పు మాదే.

ఆ తీరిక రోజునే అత్తయ్య, "ఉలవలు పెట్టరా వీటికి?" అని అడిగింది. ఇంగ్లీషులో ఉలవల పేరే హార్స్ గ్రామ్ అని చెప్తే బార్న్ ఆవిడ నమ్మలేదు. ఇక్కడ ముఖ్యమైన మేత ఎండుగడ్డే, పూటకి ఇంతని తూకం వేసి మరీ పెడుతుంది ఆవిడ. కొత్త చోటికి వచ్చామని దాణా మార్చనివ్వదు. గుర్రానికి వాంతి రాదు, పడనిది తింటే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుందట. అత్తయ్య పాపం ఒక గుప్పెడు ఉలవలు తెచ్చిపెట్టుకుంది. అవి చివరికి మాకు చారయ్యాయి.

రెండోది లేక్ మినరల్ వెల్స్, ఫోర్ట్‌వర్త్ దాటాక పడమరన. క్రాస్ టింబర్స్ అనే పేరుతో గుర్రాల వాళ్లకి విడిగా ఒక క్యాంపు ఉంది. నీళ్లున్నాయి, కరెంటు లేదు. నన్నడిగితే మూడింటిలో పిల్లలున్న కుటుంబానికి ఇదే మేలు. గుర్రం ఎక్కని వాళ్లకి ఈత ఉంది, పెనిటెన్షరీ హాలో అనే రాతి లోయలో బండలెక్కడం ఉంది. పాత రైలు పట్టాలు తీసేసి చేసిన ట్రయిల్‌వే వెదర్‌ఫర్డ్ వైపు 20 మైళ్లు పోతుంది. దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి అమ్మాయి గుర్రం మీద, నేనూ మా అబ్బాయీ సైకిళ్ల మీద కలిసి వెళ్లాం. సైకిలువాడు గుర్రానికి దారివ్వాలి. వెనక నుంచి వస్తుంటే ముందే నోటితో పిలవాలి. బెల్లు కొడితే గుర్రం బెదురుతుంది. నేను కొట్టాను. అమ్మాయి ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

అక్కడే హైలైన్ కట్టడం చూశాను. రెండు చెట్లకి వెడల్పాటి పట్టీలు చుట్టి, గుర్రం తలకన్నా ఎత్తులో వాటి మధ్య తాడు బిగిస్తారు. పగ్గం దానికి వేలాడుతుంది. పట్టీ ఎందుకంటే ఒట్టి తాడైతే బెరడు కోసుకుపోతుంది. పగ్గం పొడుగే అసలు విద్య. మూతి నేలమీది గడ్డికి అందాలి, కాలు మాత్రం తాడు దాటకూడదు. ఆవిడ వేలితో కొలిచి, విప్పి, మళ్లీ ముడేసింది. మూడోసారికి ఒప్పుకుంది. రాత్రి రెండింటికి బిస్కెట్ నేలని గిట్టతో తవ్వుతున్న చప్పుడుకి లేచి టార్చి వేస్తే, పక్క సైటు గుర్రం వైపు చెవులు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. ముడి ముడిలాగే ఉంది.

పొద్దున్నే పేడ ఎత్తడం మా అబ్బాయి వంతు. సైటు ఖాళీ చేసేముందు గుర్రం ఆనవాలు ఉండకూడదు.

మూడోది హిల్ కంట్రీ స్టేట్ నేచురల్ ఏరియా, బాండెరా ఊరి దగ్గర. మాకు అయిదు గంటల పైన ప్రయాణం. 40 మైళ్ల దారులు, ఎటు చూసినా సున్నపురాయి కొండలు, అక్కడివాళ్లు సెడార్ అని పిలిచే జూనిపర్ చెట్ల వాసన. గుర్రం కోసమే వెళ్లేవాళ్లకి దీనికి సాటి లేదు. నాడాలు లేని గుర్రాన్ని మాత్రం ఆ రాళ్లమీదికి తేవద్దు. ఒకప్పుడు ఇది ఒక కుటుంబపు రాంచ్, అంటే పశువుల పెంపకం క్షేత్రం. ఆధునిక సౌకర్యాల తాకిడి లేకుండా ఉంచాలన్న షరతు మీద ఇచ్చారు కాబట్టి కరెంటు లేదు, స్నానాల గది లేదు, తాగునీరు కూడా లేదు. గుర్రాలకి నీళ్లుంటాయి, మనిషి తెచ్చుకోవాలి.

తెచ్చుకున్నాం, ఆర్వీ ట్యాంకు నిండా. మొదటి సాయంత్రమే పంపు ఆగిపోయింది. ట్యాంకులో నీళ్లున్నాయి, కుళాయిలో లేవు. అద్దెకిచ్చిన వాళ్లకి ఫోన్ కలపడానికే గుట్ట ఎక్కాల్సి వచ్చింది. కలిశాక వాళ్లు చెప్పింది ఒక్కటే, స్విచ్ ఆపి మళ్లీ వేయమని. దానికి పంపు లేవలేదు. ఆర్వీ కదిలించాలంటే చక్రాల కింద పెట్టిన లెవెలింగ్ దిమ్మలు, పందిరి, వంట అంతా సర్దాలి. చివరికి ఆవిడ ట్రెయిలర్ విప్పి ట్రక్కు ఇస్తే, బాండెరా వెళ్లి నీళ్ల డబ్బాలు తెచ్చాను. అప్పటినుంచి ఆర్వీ తీసుకునేటప్పుడు బయటి నీళ్ల హోసు ఊడదీసి, ఒక్క పంపుతోనే కుళాయి పది నిమిషాలు వదిలి చూస్తున్నాను. అద్దె ఆఫీసువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

బుకింగ్ గురించి రెండు ముక్కలు. క్యాంపు సైట్లు అయిదు నెలల ముందు నుంచి దొరుకుతాయి, వసంతంలో వారాంతాలు ముందే అయిపోతాయి. గుర్రాల సైటు గుర్రంతో వచ్చేవాళ్లకే. ఖాళీగా ఉంది కదా అని ఉత్త ఆర్వీతో తీసుకోవద్దు. ఏడాది పాస్‌తో కార్లో ఉన్న అందరికీ ప్రవేశ రుసుం పోతుంది, సైటు అద్దె వేరే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి, జనరేటర్ వేయలేం కాబట్టి కరెంటు లేని సైట్లలో రాత్రి ఏసీ ఆశ పెట్టుకోకండి.

ఈ నవంబరుకి మళ్లీ మినరల్ వెల్స్ బుక్ చేశాం. ఈసారి బిస్కెట్ కాగితం మా ఆర్వీ డాష్‌బోర్డులోనే ఉంటుంది, సైకిలు బెల్లు మాత్రం అమ్మాయి ఊడదీసి దాచేసింది.